వెనక సీటు సంగతి

నాకో జబ్బు ఉంది. డాక్టరుకి చూపించుకునే జబ్బు కాదు లెండి, కారు జబ్బు. ఉద్యోగం కంప్యూటరు ముందు, ప్రాణం మాత్రం కారు కింద. డెట్రాయిట్ పక్కన ట్రాయ్ అనే ఊళ్లో పదిహేనేళ్లుగా కాపురం ఉంటున్నాం గనక ఆ గాలి సోకిందని మా ఆవిడ సరిపెట్టుకుంది.

ఆ కారు పేరు చెప్పను. చెబితే అదే కారున్న పాఠకులు సంపాదకులవారికి ఉత్తరాలు రాస్తారు. నాలుగు తలుపులు, చిన్న ఒళ్లు, ఒంటికి మించిన ఇంజనూ. ఆఫీసుకి అదే, కూరగాయలకి అదే, ఆదివారం నోవైలో వెంకటేశ్వరస్వామి గుడికీ అదే. రెండేళ్ల కిందట దాని షాక్ అబ్జార్బర్లు అరిగిపోయాయి. మామూలువి వేయించుకుంటే ఈ వ్యాసం ఉండేది కాదు. బిగువు మనమే సర్దుకునే రకం తెప్పించాను. పసుపు రంగు పూసి, చూడ్డానికి పెళ్లికూతుళ్లలా ఉన్నాయి.

ఇక్కడ కాస్త యంత్రాల గొడవ చెప్పక తప్పదు. విసుక్కోకండి, నా ధర్మసందేహం అందులోనే దాక్కుని ఉంది.

కారు బరువు మోసేది స్ప్రింగు. గతుకులో దెబ్బ పడితే మింగేదీ అదే. కానీ దానికి మింగింది కడుపులో పెట్టుకునే గుణం లేదు. వెంటనే కక్కేస్తుంది. కారు ఎగురుతుంది, పడుతుంది, మళ్లీ ఎగురుతుంది. ఆ ఎగురుడుని పట్టి ఆపేది షాక్ అబ్జార్బరు. గొట్టంలో నూనె, నూనెలో పిస్టన్, పిస్టన్‌లో సన్నటి దారులు. చక్రం కదిలినప్పుడల్లా నూనె ఆ దారుల్లోంచి ఇరుక్కుంటూ పోవాలి. ఆ ఇరుకులో కదలిక కాస్తా వేడిగా మారిపోతుంది. గతుకుల రోడ్డుమీద చాలాసేపు తిప్పి గొట్టం ముట్టుకుంటే వెచ్చగా తగులుతుంది. నావాటిలో ఆ ఇరుకుని పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు. అదీ ఒకవైపే. చక్రం పైకి నొక్కుకునేటప్పుడు కాదు, తిరిగి కిందికి దిగేటప్పుడు.

ఈ సర్దుబాటు కొత్తదేం కాదు. 20వ శతాబ్దం తొలి ఏళ్లలోనే హార్ట్‌ఫర్డ్ అనే ఆయన పేరుమీద, నూనె లేకుండా బిళ్లలు ఒకదానితో ఒకటి ఒరుసుకునే రకం షాకులు వచ్చాయి. నట్టు బిగిస్తే గట్టి, వదిలిస్తే మెత్తన. 1930లలో ఇంగ్లండులో ఆండ్రే టెలికంట్రోల్ అని మరోటి ఉండేది. డ్రైవరు సీట్లోంచి కదలకుండానే బిగువు మార్చుకునే ఏర్పాటు. గమనించారా, మీట డ్రైవరు చేతికి అందేలా పెట్టారు. వెనక కూర్చున్నవారికి అందేలా కాదు. అప్పుడు చదివి భలే అనుకున్నాను. తర్వాతే ఆలోచన మొదలైంది.

బిగింపు కథ క్లుప్తంగా చెబుతాను. మిషిగన్‌లో చలికాలం మంచు కరగడానికి రోడ్లమీద ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పు కారు కింద బోల్టులన్నిటినీ పూరీల్లా పొంగిస్తుంది. ఒక్కొక్కదానికి రాత్రి నూనె పోసి, పొద్దున బతిమాలి, సాయంత్రం కొట్టి విప్పాల్సి వచ్చింది. స్ప్రింగుని నొక్కిపట్టే పరికరంతో ముందువైపు పని చేస్తున్నంతసేపూ మా ఆవిడ గరాజు తలుపు దగ్గర నిలబడి ఉంది, ఫోన్ చేతిలో పట్టుకుని. ఆ స్ప్రింగు జారితే మనిషి మిగలడని ఎవరో చెప్పారట. నిజమే చెప్పారు. రబ్బరు బుష్షులున్న కింది బోల్టుల్ని కారు జాకీమీద వేలాడుతున్నప్పుడు గట్టిగా బిగించకూడదు. చక్రాలు నేలమీద ఆనాక, బరువు పడ్డాక బిగించాలి. లేకపోతే రబ్బరు ఎప్పుడూ మెలితిరిగే ఉండి చిరిగిపోతుంది. అవన్నీ బుద్ధిగా చేశాను.

అసలు తిరకాసు ఇదీ. ముందు షాకుల మీట బానెట్ ఎత్తగానే పైనే ఉంటుంది. వేళ్లతో అర చుట్టు తిప్పితే సరి, నిమిషం పని. నేను కొన్నరకంలో వెనకవాటికి మీట లేదు. జాకీ ఎత్తి, చక్రం ఊడదీసి, షాకుని పూర్తిగా బయటికి తీసి, కడ్డీని అడుగుదాకా నొక్కి, లోపల పన్ను పట్టుకున్నాక తిప్పాలి. మళ్లీ అంతా బిగించాలి. ఓ పూట పని. అంటే ముందు కూర్చునేవాడి సుఖం నిమిషంలో మారుతుంది, వెనక కూర్చునేవారి సుఖానికి సెలవురోజు కావాలి.

ముందువాటికి ఒక చుట్టు, వెనకవాటికి ఒకటిన్నర ఇచ్చాను. వెనక బిగువు పెంచితే మలుపులోకి దూరేటప్పుడు తోక చురుగ్గా తిరుగుతుంది. ఆఫీసు దారిలో హైవే మీదికి ఎక్కే చోట ఒక గుండ్రటి మలుపుంది. పది సెకన్ల మలుపు. ఆ పది సెకన్లూ నాకు వయసు ఇరవై తగ్గేది.

ఏప్రిల్‌లో మా అమ్మ వచ్చింది తెనాలి నుంచి. డెబ్బై నాలుగేళ్లు, నడుము నొప్పి పాతదే. ఏప్రిల్ అంటే ఇక్కడ గుంతల కాలం. పగుళ్లలో దిగిన నీరు గడ్డకడితే దాని ఒళ్లు నూటికి తొమ్మిది వంతులు పెరుగుతుంది. రోడ్డుని లోపల్నుంచి పెకలిస్తుంది. ఒక మైలు పొడవున కాంక్రీటు రహదారి మొట్టమొదట వేసింది ఈ డెట్రాయిట్‌లోనే, వుడ్‌వర్డ్ అవెన్యూ మీద 1909లో అని ఇక్కడివాళ్లు గర్వంగా చెప్పుకుంటారు. మా ఇంటినుంచి గుడికి నలభై నిమిషాలు. దారిపొడుగునా కాంక్రీటు పలకల అతుకులు టప్పు టప్పుమంటూనే ఉంటాయి.

మొదటి ఆదివారం గుడి దగ్గర దిగాక అడిగాను, "ఎలా ఉందమ్మా కారు?" అని.

"బాగానే ఉంది నాయనా," అంది.

తెలుగులో "బాగుంది" వేరు, "బాగానే ఉంది" వేరు. మధ్యలో ఒక్క "నే". ఆ ఒక్క అక్షరంలో మన తల్లులు ఎన్నేళ్ల కాపురాలు దాచారో! నాకు తెలుగు రాక కాదు. ఆ "నే" నాకు వినపడనట్టు నేను ఏర్పాటు చేసుకున్నాను, అంతే.

మూడో వారం రాత్రి మా ఆవిడ అంది, "ఏమండీ, గుడికి వెళ్లొచ్చిన రోజల్లా అత్తయ్య నడుముకి తైలం రాస్తున్నాను. మీకు తెలుసా?" తెలీదు. మర్నాడు బానెట్ ఎత్తి ముందు మీటలు రెండూ అర చుట్టు వదిలించాను. "సరిచేశానమ్మా" అన్నాను. ఆదివారం అమ్మ, "అవున్రా, ఎంతో నయం" అంది.

ముందు మీట తిప్పితే వెనక సీటు నడుముకి ఏం నయం? నేను చేయనిది చేశానన్నాను. ఆవిడ పొందనిది పొందానంది. ఇద్దరం ఒకరి మనసు ఒకరం కష్టపెట్టలేదు. దీన్ని ప్రేమ అనాలా, అబద్ధం అనాలా? ఆవిడ అబద్ధం వల్ల నాకు మేలు జరిగింది, నా అబద్ధం వల్ల కూడా నాకే మేలు జరిగింది. అక్కడే ఏదో లెక్క తప్పిందని తోచింది.

ఆఫీసులో మిత్రుడొకడితో అన్నాను. "కారు నీది, సరదా నీది. బాధగా ఉంటే ఆవిడే చెబుతుంది కదా. చెప్పకపోతే ఒప్పుకున్నట్టే," అన్నాడు. కోర్టులో అయితే ఆ వాదం నిలుస్తుందేమో. కొడుకు ఇంటికి ఆరు నెలలకని వచ్చిన మనిషి, కొడుకు ముచ్చటపడి తన చేత్తో బిగించుకున్న వస్తువుని నోరారా బాగాలేదని ఎలా అంటుంది? చెప్పే వీలు లేనివాళ్ల మౌనాన్ని ఒప్పుకోలు కింద జమకట్టుకుంటే, ఇక మనం ఎవర్నీ ఏమీ అడగక్కర్లేదు.

చివరికి మా ఆవిడే అంది, "మీ కారులో వెనక సీట్లో మీరెప్పుడైనా కూచున్నారా?"

కూచోలేదు. ఆ వారం ఆవిడ తోలింది, నేను అమ్మ పక్కన కూచున్నాను. అమ్మ ఒక చేత్తో తలుపుమీది పిడి పట్టుకుంది. అద్దంలో రోజూ చూసేవాణ్ణి, అలవాటనుకున్నాను. రెండో చెయ్యి నడుము వెనక ఉందని అద్దంలో కనపడదు. మొదటి అతుకు ఫరవాలేదు. రెండోది గట్టిగా తగిలింది. మూడోది ఇంకా గట్టిగా. ఎందుకంటే బిగువు ఎక్కువైనప్పుడు ఒక దెబ్బకి నొక్కుకున్న చక్రం కిందికి దిగేలోగా రెండో దెబ్బ వచ్చి పడుతుంది. వెనకభాగం అలా కుంగుతూనే పోతుంది, కుంగినకొద్దీ రాయిలా అవుతుంది. ఇది పుస్తకంలో ఎప్పుడో చదివాను. వెన్నులో చదవడం అదే మొదలు. ఇంకోటి కూడా తెలిసింది. స్టీరింగు పట్టుకున్నవాడు గుంతని ముందే చూస్తాడు, వాడి ఒళ్లు వాడికి తెలీకుండానే కాచుకుంటుంది. వెనకవారికి ఆ కబురు అందదు. ఒకే గుంత, రెండు దెబ్బలు.

అమ్మ మాత్రం కబుర్లలో ఉంది. చిన్నప్పుడు వాళ్ల నాన్న ఎడ్లబండి కట్టించేటప్పుడు వెనకవైపు వరిగడ్డి మరో మోపు పరిపించేవాడట, ఆడవాళ్లూ పిల్లలూ కూచుంటారని. "గడ్డి గుచ్చుకునేదిరా, అయినా మెత్తగా ఉండేది," అని నవ్వింది.

ఆ శనివారం వెనకవి రెండూ ఊడదీసి పూర్తిగా వదిలించేశాను. ఇంత త్యాగం చేశాక కృతజ్ఞత వస్తుందనుకున్నాను. కారు పడవలా ఊగింది. గుడి చేరేలోగా అమ్మకి కళ్లు తిరిగి, నిమ్మకాయ వాసన చూస్తూ పావుగంట అరుగుమీద కూర్చుంది. మంచితనం కూడా కొలత తెలీకపోతే అలాగే ఉంటుంది కాబోలు. మెత్తదనమే దయ అనుకున్నాను. ఆగాల్సిన చోట ఆగనివ్వడం కూడా అందులో భాగమేనని తోచలేదు.

మళ్లీ శనివారం, మళ్లీ జాకీ. ఈసారి అర చుట్టు. తర్వాత నేనే వెనక కూచుని మా ఆవిడ చేత ఊరంతా తిప్పించుకున్నాను. ఆదివారం అమ్మని ఎలా ఉందని అడగలేదు. అడిగితే ఏం చెబుతుందో తెలుసు కదా. తిరుగు ప్రయాణంలో సగం దారికి అద్దంలో చూశాను. నిద్రపోతోంది. పిడి మీద చెయ్యి లేదు.

నా మలుపు మాత్రం పోయింది. పోలేదు, ఉంది గానీ, ఆ తోక విదిలింపు లేదు. ఆ పది సెకన్లూ ఇప్పుడు పది సెకన్లే. బెంగ లేదంటే అబద్ధం.

అక్టోబరులో అమ్మ వెళ్లిపోయింది. వెనక సీట్లో ఇప్పుడు నా ఆఫీసు సంచీ కూచుంటోంది, దానికి నడుము లేదు. షాకులు అర చుట్టు దగ్గరే ఉన్నాయి. మళ్లీ ఎందుకు బిగించుకోలేదని మా ఆవిడ అడిగింది. బద్ధకం అన్నాను.