రోగి పక్కన కూర్చున్నప్పుడు

 

హజ్రత్ సఅద్ బిన్ అబీ వఖాస్ (రజి) ఒకసారి జబ్బుపడ్డారు. మహాప్రవక్త (సఅసం) పరామర్శకు వెళ్ళి ఆయన రొమ్ము మీద చేయి ఉంచారు. ఆ చేతి చల్లదనం తన గుండెకు తగిలిందని సఅద్ (రజి) స్వయంగా చెప్పుకున్నారు. ఆ తర్వాత ప్రవక్త (సఅసం) ఆయన్ని హారిస్ బిన్ కలదా దగ్గరికి వెళ్ళమన్నారు. హారిస్ సఖీఫ్ తెగకు చెందిన వైద్యుడు. అబూ దావూద్ గ్రంథంలోని ఈ ఉల్లేఖన పరంపర బలహీనమైనదని కొందరు హదీసు వేత్తలు అన్నారు. కానీ రోగిని పరామర్శించమనీ, వైద్యం చేయించుకోమనీ చెప్పే ప్రామాణిక హదీసులు అనేకం ఉన్నాయి. ఊరడించే చేయి, వైద్యుని ఇంటి దారి, ఈ రెండూ ఒకే పరామర్శలో ఉన్నాయని గమనించండి.

ఇక మన జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతాల సంగతి చూద్దాం. పత్తి చేలో, మిర్చి చేలో చెప్పుల్లేకుండా తిరిగే మనిషికి షుగరు ఉందనుకోండి. పాదాలు మొద్దుబారిపోతాయి. పత్తి మోడు గుచ్చుకున్నా తెలియదు. తెలిసేసరికి పుండు అవుతుంది. అప్పుడు ఇంటికి చుట్టాలు వస్తారు. మంచం పక్కనే కూర్చుని, "ఫలానా మామూకి ఇలాగే మొదలై చివరికి కాలు తీసేశారు" అని చెబుతారు. ప్రేమతోనే వస్తారు, భయం అప్పగించి పోతారు. రోగికి ఆ రాత్రి నిద్ర ఉండదు.

ఈ భయం మనసులోనే ఆగిపోదు. ఆందోళన కలిగినప్పుడు శరీరం కొన్ని హార్మోన్లను విడుదల చేస్తుంది. వాటివల్ల రక్తంలో చక్కెర పెరుగుతుంది, రక్తపోటు హెచ్చుతుంది. చక్కెర అదుపులో లేకపోతే పుండు మానడం ఆలస్యమవుతుంది.

అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో పరిశోధకులు 1995లో ఒక పరిశీలన ప్రచురించారు. మతిమరుపు జబ్బుతో ఉన్న కుటుంబ సభ్యులకు ఏళ్ళ తరబడి సేవ చేస్తున్న 13 మంది స్త్రీలను, అలాంటి భారం లేని మరో 13 మందిని తీసుకున్నారు. అందరి చేతి మీదా ఒకే కొలతలో చిన్న గాయం చేసి, ఎన్నాళ్ళకు మానుతుందో చూశారు. సేవ చేస్తున్నవారి గాయం సగటున 9 రోజులు ఆలస్యంగా మానింది. చిన్న పరిశీలనే. షుగరు రోగుల మీద చేసిందీ కాదు. అయినా ఒక్క విషయం ఆలోచించండి, అక్కడ గాయం ఆలస్యమైంది రోగికి కాదు, రోగికి సేవ చేసే మనిషికి! మన ఇళ్ళల్లో ఆ మనిషి ఎవరు? కోడలో, కూతురో, భార్యో. డ్రెస్సింగు మార్చేది, మాత్ర ఇచ్చేది, రాత్రి లేచేది ఆమే. వచ్చిన వాళ్ళందరికీ చాయ్ పెట్టేదీ ఆమే. ఆమె ఎలా ఉందని అడిగేవారు మాత్రం అరుదు.

తిరగలి విసిరి విసిరి హజ్రత్ ఫాతిమా (రజి) చేతులు నొచ్చిపోయాయి. ఒక సేవకుణ్ణి ఇప్పించమని తండ్రిగారి ఇంటికి వెళ్ళారు. ఆ తర్వాత ప్రవక్త (సఅసం) స్వయంగా కూతురింటికి వచ్చి, పడుకునే ముందు 33 సార్లు సుబ్హానల్లాహ్, 33 సార్లు అల్‌హమ్‌దులిల్లాహ్, 34 సార్లు అల్లాహు అక్బర్ పలకమనీ, అది సేవకుని కంటే మేలైనదనీ బోధించారు. బుఖారీ, ముస్లిం రెండింటిలోనూ ఉన్న సంఘటన ఇది. ఒళ్ళు అలిసిన మనిషికి నేర్పిన జిక్ర్ ఇది. అల్లాహ్ స్మరణతోనే హృదయాలు నెమ్మదిస్తాయని అర్‌రఅద్ సూరా 28వ ఆయతు కూడా తెలుపుతోంది.

దీన్ని తొందరగా గొణిగేసి ముగించకండి. వీపు ఆనించి కూర్చుని, ఊపిరి నెమ్మదిగా తీసుకుని, వదిలేటప్పుడు ఒక్కొక్క మాట పలకండి. మనసు ఎటైనా పోతే మళ్ళీ తెచ్చుకోండి. ఊపిరి నెమ్మదిస్తే గుండె వేగం తగ్గుతుంది, బిగుసుకున్న కండరాలు వదులవుతాయి. హార్వర్డ్ హృద్రోగ వైద్యుడు హెర్బర్ట్ బెన్సన్ 1975లో ప్రచురించిన పుస్తకంలో, ఒక మాటను ప్రశాంతంగా పదే పదే పలికితే శరీరం ఇలా విశ్రమిస్తుందని వివరించాడు. అంతకు వెయ్యేళ్ళ ముందే, 934లో మరణించిన అబూ జైద్ అల్ బల్ఖీ దేహం, మనసు రెండింటి ఆరోగ్యం గురించీ ఒకే గ్రంథంలో రాశాడు. ఒకదాని బాధ రెండోదాన్ని తాకుతుందని అతని వాదన. అయితే మనం జిక్ర్ చేసేది రక్తపోటు తగ్గించుకోవడానికి కాదు, అల్లాహ్ కోసం. తగ్గితే అది ఆయన అనుగ్రహం.

ఇక్కడే ఒక ప్రమాదం పొంచి ఉంది. మనసు కుదుటపడగానే, "ఇక మాత్రలెందుకు" అనుకునేవారున్నారు. ఊదిన నీళ్ళు తాగి ఇన్సులిన్ మానేసేవారు, తాయెత్తు కట్టుకుని డ్రెస్సింగు వాయిదా వేసేవారు కూడా ఉన్నారు. వారికి నేను గట్టిగానే చెబుతాను, ఇది తవక్కుల్ కాదు. ఒంటెను కట్టేసి ఆ తర్వాత అల్లాహ్‌ను నమ్ముకోమన్నారు ప్రవక్త (సఅసం). వృద్ధాప్యానికి తప్ప ప్రతి జబ్బుకూ అల్లాహ్ మందు పెట్టాడనీ, వైద్యం చేయించుకోమనీ ప్రవచించారు. జిక్ర్‌తో నొప్పి ఓర్చుకునే బలం వస్తుంది, నిద్ర పడుతుంది, మాత్ర వేళకు వేసుకునే నిబ్బరం కలుగుతుంది. పుండులోని చీము మాత్రం వైద్యుడే తీయాలి. పాదం నల్లబడినా, వాసన వచ్చినా, జ్వరం తగిలినా ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. జుమా అయ్యాక చూద్దామనుకోవద్దు.

దుఆ ఫలితాన్ని తూకం వేసి చూద్దామనుకున్నవారూ ఉన్నారు. ఆ బెన్సనే మరికొందరితో కలిసి, గుండె ఆపరేషన్ చేయించుకున్న సుమారు 1800 మంది రోగుల కోసం అపరిచితుల చేత ప్రార్థనలు చేయించి చూశాడు. 2006లో ఫలితాలు వచ్చాయి, మేలేమీ కనబడలేదు. నాకు ఇందులో ఆశ్చర్యం లేదు. దుఆ దాసుని వేడుకోలు. అల్లాహ్‌ను పరీక్షించే సాధనం కాదు.

కాబట్టి రేపు మీరు నందిగామలోనో జగ్గయ్యపేటలోనో ఒక రోగిని చూడటానికి వెళితే, ఇతరుల జబ్బుల కథలు గుమ్మం బయటే వదిలేయండి. పరవాలేదనీ, అల్లాహ్ తలిస్తే ఇది పాపాలను కడిగే శుద్ధి అనీ ప్రవక్త (సఅసం) రోగులతో అనేవారు. ఆ మాట అనండి. కాసేపు కూర్చుని లేవండి. వీలైతే ఆ ఇంటి ఆడపడుచును ఒక రాత్రి నిద్రపోనిచ్చి, మీ ఇంటి నుంచి ఎవరైనా రోగి దగ్గర ఉండండి. పళ్ళ బుట్టకు బదులు జావ తీసుకెళ్ళండి. బార్లీ పిండితో కాచిన తల్‌బీనా రోగి గుండెకు ఊరటనిస్తుందనీ, దుఃఖాన్ని కొంత తగ్గిస్తుందనీ ప్రవక్త (సఅసం) చెప్పగా విన్నానని హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు. దానిలో తేనె కలపడం ఆనవాయితీ. షుగరు ఉన్నవారికి మాత్రం తేనె లేకుండా, పల్చగా కాచి ఇవ్వండి.