పురుగు వాటా

మేరీ షెల్లీ నవల ‘ఫ్రాంకెన్‌స్టైన్’ 1818లో వెలువడింది. మన భస్మాసురుడి కథ అంతకన్నా ఎంతో పాతది. రెండింటిలోనూ నన్ను భయపెట్టేది విద్య కాదు, హద్దు ఒప్పుకోని ఆశ. పత్తిచేలోనూ అదే చూశాను.

పురుగును చంపే విషాన్ని మొక్కే తయారుచేసుకునే బీటీ పత్తికి 2002లో అనుమతి వచ్చాక మా పర్చూరు వైపు శనగపచ్చ పురుగు మందుల ఖర్చు తగ్గింది. ఆ మేలు కాదనను. ప్యాకెట్‌తోపాటు 120 గ్రాముల మామూలు విత్తనం విడిగా ఇచ్చేవారు, చేను చుట్టూ వేయమని. ఆ మామూలు మొక్కలమీద బీటీ విషానికి లొంగే పురుగులు కొన్ని బతికుంటేనే పురుగుల సంతతి త్వరగా మొండికెత్తదని శాస్త్రమే చెప్పింది. చాలామంది ఆ పొట్లం గట్టుమీదే పారేశారు. ఇప్పుడు కాయ చీలిస్తే గింజను తొలిచిన గులాబీరంగు పురుగు, చుట్టూ పసుపుమచ్చల దూది.

అప్పుతెచ్చి కౌలుకు చేసేవాణ్ణి పురుగుకు వాటా వదలమనడం ఏ ధర్మం? అత్యాశ అతనిదా, పొట్లం ఎందుకో ఒక్క మాటైనా చెప్పకుండా విత్తనం అమ్ముకున్నవాడిదా?