క్షేమమని వ్రాసిన ఉత్తరం



"ఇక్కడ నేను క్షేమం" అని ఉత్తరాలలో వ్రాయటం మనందరికీ అలవాటే. అది నిజం కానప్పుడు అబద్ధమాడినట్లేనా?

మొదటి ప్రపంచ యుద్ధంలో పోరాడిన ఆంగ్ల కవి విల్‌ఫ్రెడ్ ఓవెన్ ‘ది లెటర్’ అనే కవిత వ్రాశాడు. అందులో ఒక సైనికుడు కందకంలో కూర్చుని, తనకు ప్రమాదమేమీ లేదని భార్యకు వ్రాస్తుంటాడు. ఉత్తరం ముగియక ముందే దెబ్బ తగిలి కూలిపోతాడు. తన ఇంటిదానికి ఉత్తరం వ్రాయమని తోటివాడిని వేడుకుంటాడు.

ఓవెన్ కూడా 1918 అక్టోబరు 31న తల్లికి వ్రాసిన చివరి ఉత్తరంలో అపాయం లేదనే చెప్పాడు. నవంబరు 4న యుద్ధభూమిలో మరణించాడు. యుద్ధం ముగిసిందని గంటలు మ్రోగుతున్న నవంబరు 11న ఆ వార్త తల్లికి చేరింది.

ఏ కారణం చేతనైనా అబద్ధం తగదని పునీత అగుస్తీను బోధించారు. ఆ బోధను నేను తేలిక చేయను. అయితే, సైనికుడు భార్యకు దాచిన నిజాన్ని కవి ఆ అబద్ధం ద్వారానే మనకు చూపించాడు. అబద్ధం నిజాన్ని దాస్తుంది, వ్యంగ్యం బయటపెడుతుంది. భార్య తట్టుకోలేదని సైనికుడు అనుకున్నాడు. మనం తట్టుకోగలమని కవి నమ్మాడు.

దూరాన ఉన్న మీ బిడ్డ "క్షేమం" అంటే అంతటితో తృప్తి పడకండి. కష్టం చెప్పుకున్నా అమ్మానాన్నలు కృంగిపోరన్న ధైర్యం ఆ బిడ్డకు ఇవ్వండి. అప్పుడు అబద్ధంతో పని ఉండదు.