నవ్విన వాళ్లలో నేనూ ఉన్నాను

ఆమధ్య పండక్కి సూర్యాపేట దగ్గర పెన్‌పహాడ్‌లో చుట్టాలింటికి వెళ్లాను. పప్పులో ఉప్పు మరిచిపోయిందని కొత్తకోడల్ని చూసి పంక్తి అంతా గొల్లుమంది. నేనూ నవ్వాను. ఆ పిల్లా నవ్వింది గాని, తల దించుకుని.

నవ్వు గురించి పెద్దలు తక్కువ ఆలోచించలేదు సుమండీ! భరతుడు నాట్యశాస్త్రంలో స్మితం మొదలు అతిహసితం దాకా ఆరు రకాలు చెప్పి, ఉత్తములకు రెండు, మధ్యములకు రెండు, అధములకు రెండు పంచాడు. నవ్వాలంటే గుండె ఒక్క క్షణం మొద్దుబారాలన్నాడు ఫ్రెంచి తత్త్వవేత్త బెర్గ్‌సన్, 1900లో. 1905లో ఫ్రాయిడ్ హాస్యం మాటున దాగిన కసిని చూపించాడు. ఈనాడు మనస్తత్త్వం, భాష, సమాజం చదివేవాళ్లంతా ఆ నవ్వునే తవ్వుతున్నారు.

ఇవన్నీ చదివిన నాకు తట్టనిది చదువురాని మా పెద్దత్తకు తట్టింది. విస్తట్లో ఉప్పు కలుపుకుంటూ, "నా పెండ్లయిన కొత్తల నేనైతే రెండుసార్లు ఉప్పేసిన బిడ్డా, కుక్క గూడ ముట్టలే" అంది. ఈసారి ఆ పిల్ల తలెత్తి నవ్వింది.

మునిమాణిక్యం వారి కాంతం ఇప్పటికీ మనకెందుకిష్టం? కథ చెప్పే మొగుడు తననే నవ్వులపాలు చేసుకుంటాడు గనక.

నవ్వు మంచిదా, చెడ్డదా అంటే శాస్త్రాలు నేను చెప్పలేను. నవ్వులపాలైన మనిషి తల ఎటుందో చూడమంటాను, అంతే.