వ్యాధిగ్రస్తుని జీవనభృతి: దయయా, ధర్మమా?

ధర్మసాధనములన్నింటిలో శరీరమే మొదటిదని పెద్దలు చెప్పుదురు. దేహము దృఢముగా నున్నంతకాలము ఈ మాటలోని బరువు మనుష్యునకు తెలియదు. మంచము పట్టిననాడు తెలియును. కూలిచేసి బ్రతుకువానికి శరీరము ధర్మసాధనము మాత్రమే కాదు, అన్నసాధనము కూడ. వాని చేతులే వాని పొలము, వాని కాళ్లే వాని మూలధనము. అట్టివానికి దీర్ఘవ్యాధి రెండు దెబ్బలు కొట్టును. మొదటిది దేహమునకు, రెండవది పొయ్యికి. మొదటి దెబ్బను చూచి బంధుమిత్రులు పరామర్శింప వత్తురు. రెండవది వంటయింటిలో తగులును గనుక పదిమంది కంట పడదు.

ఆ రెండవ దెబ్బను గూర్చి ఆలోచింపవలసియున్నది. పని చేయలేని రోగికిని, వానిపై ఆధారపడినవారికిని కూడు పెట్టవలసిన భారమెవరిది? పెట్టినచో అది దయయా, లేక ధర్మమా? దానిని పుచ్చుకొనుట రోగికి అవమానమగునా? ఈ ప్రశ్నలు అర్థశాస్త్రమునకు మాత్రమే చెందినవి కావు. ఇవి మనుష్యుని ఆత్మగౌరవమునకును, సమాజముయొక్క అంతఃకరణమునకును సంబంధించినవి.

శ్రీకాకుళము జిల్లాలోని ఉద్దానమును తలచికొనుడు. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు మొదలగు మండలములతో కూడిన ఆ సీమ కొబ్బరి, జీడి, పనస తోటలకు ప్రసిద్ధము. చూచుటకు అది ఉద్యానవనమే. కాని ఆ తోటల నీడలో గత రెండు మూడు దశాబ్దములుగా మూత్రపిండముల వ్యాధి అనేక కుటుంబములను పీడించుచున్నది. పరిశోధనలు పెక్కు జరిగినను దాని మూలకారణము ఇంకను నిర్ధారితము కాలేదు. ఈ వ్యాధి తొలిదశలో తన రాకను తెలియనీయదు. తెలియునప్పటికి మూత్రపిండములు చాలవరకు చెడియుండును. తుదిదశలో వారమునకు రెండు మూడు పర్యాయములు డయాలసిస్ చేయించుకొనవలెను. ఒక్కొక్క పర్యాయము సుమారు నాలుగు గంటలు యంత్రము ప్రక్కన పరుండవలెను. పోవుటకును, వచ్చుటకును, తేరుకొనుటకును ఆ దినమంతయు చెల్లిపోవును. మరునాడు నీరసము. నిన్నటివరకు చెట్టెక్కి కాయ దింపినవాడు ఇక ఎక్కలేడు. వానికి తోడుగా ఆస్పత్రికి పోవు భార్యకును ఆనాటి కూలి పోవును. ఈ విధముగా ఒక్క రోగము ఇద్దరి సంపాదనను హరించును.

ఇట్టివాని మనస్సులోనికి తొంగిచూచినచో అచట నొప్పికంటె పెద్దదైన బాధ యొకటి కనిపించును. "ఇంటికి బరువైతిని" అనునదే ఆ బాధ. ఇరువదియైదేండ్లు ఇంటిని మోసినవాడు ఒక్క సంవత్సరము ఇంటిచే మోయబడుటకు సిగ్గుపడును. మందు మానివేయుదునని కొందరు పట్టుపట్టుదురు. పిల్లల చదువునకు దాచిన సొమ్మును తన రక్తశుద్ధికి ఖర్చుచేయుట పాపమని వారి తలంపు. ఈ సిగ్గు న్యాయమైనదేనా అని విచారింపనిదే రోగికి చేయు ఏ సహాయమును పూర్తి సహాయము కానేరదు.

ముందుగా ఒక ఆక్షేపణకు సమాధానము చెప్పవలసియున్నది. "ఎవని కర్మము వాడనుభవించును. నడుమ పరులు అడ్డుపడనేల?" అని కొందరందురు. కర్మసిద్ధాంతము తన కష్టమును తాను ధైర్యముతో సహించుటకు ఏర్పడినది. ఇతరుల కష్టమును చూచి కన్నులు మూసికొనుటకు కాదు. రోగి మంచము పట్టుట వాని పూర్వకర్మఫలమే యనుకొన్నను, ఆ ఇంటి వాకిట నిలిచి చూచి సాగిపోవుట చూచినవాని క్రొత్త కర్మమగును. అదియునుగాక, రోగము పూర్వపాపమునకు ఫలమైనచో, సమయమునకు తలుపుతట్టిన సహాయము అదే రోగి పూర్వపుణ్యమునకు ఫలమేల కారాదు? సిద్ధాంతములో సగమును మాత్రమే పట్టుకొని, తన సంచి విప్పనక్కర లేదని తేల్చుకొనుట తత్త్వవిచారము కాదు. అది లోభమునకు కట్టిన కాషాయము.

రెండవ ఆక్షేపణ రోగి నోటినుండియే వచ్చును. పరుల సొమ్ము పుచ్చుకొనుట తక్కువతనము కాదా? మన సంప్రదాయమున ప్రతిగ్రహమును గూర్చి కఠినమైన మాటలున్న సంగతి నిజమే. కాని ఆ మాటలు దురాశను నిషేధించినవి, అవసరమును కాదు. చేయగలిగియు చేయక ఇతరుల కష్టముపై బ్రతుకువానికి అవి చెల్లును. చేయ గోరియు చేయలేనివానికి చెల్లవు.

ఈ సందర్భమున ఒక విశేషమును గమనింపదగును. తైత్తిరీయోపనిషత్తు శిక్షావల్లిలో విద్య ముగించిన శిష్యునకు ఆచార్యుడు చేయు అనుశాసనమున దానప్రస్తావన వచ్చును. శ్రద్ధతో ఇయ్యవలెనని చెప్పుటతో పాటు సిగ్గుతో ఇయ్యవలెననియు, భయముతో ఇయ్యవలెననియు అచట విధింపబడినది. సిగ్గు ఇచ్చువానికి విధింపబడినదే గాని పుచ్చుకొనువానికి కాదు. లోకమున జరుగుచున్నది దీనికి విపరీతము. ఇచ్చువాడు తల యెత్తి ఇచ్చును, పుచ్చుకొనువాడు తల వంచుకొనును. శ్రుతి చెప్పినట్లు నడచినచో తలలు తారుమారు కావలెను. గీతయందు పదునేడవ అధ్యాయమున గూడ, ఈయవలసినదను బుద్ధితో, మరల ఉపకారము చేయలేనివానికి, తగిన దేశకాలములందు ఇచ్చునది సాత్త్వికదానమనియు, అనాదరముతో తిరస్కారముతో ఇచ్చునది తామసదానమనియు విభాగము చేయబడినది. మంచము మీదివానికంటె ప్రత్యుపకారము చేయలేనివాడెవ్వడు? వాని అవసరముకంటె తగిన కాలమేది?

అయినను ఇంకొక మెట్టు పైకెక్కి చూడవలెను. అసలు ఇది దానమేనా? ఒక రైతునకు జత యెద్దులున్నవి. అందొకటి జబ్బుపడి పది దినములు కాడి మోయలేదు. ఆ పది దినములు రైతు దానికి మేత మానునా? మానడు. పైగా పచ్చగడ్డి వెదకి తెచ్చును, పశువైద్యుని పిలుచును. దున్నిననాటి మేత దున్నిననాటికే చెల్లినదని వాదింపడు. ఎద్దునకు దక్కిన ఈ న్యాయము మనుష్యునకు దక్కకపోవుట వింత. ఏనాటి కూలి ఆనాటి కూటికే చాలునట్లు ఇచ్చి, ఆ దేహము అలసి చెడిననాడు మాకు సంబంధము లేదనుట, పనిని కొని పనివానిని విడిచివేయుట. వాడు దింపిన కాయల నూనె ఎందరి ఇండ్లలోనో దీపమై వెలిగినది. ఆ వెలుగులో వానికి భాగము లేదా?

మన ప్రాచీనులీ విషయమును ఆలోచింపకపోలేదు. రోగపీడితుడైన పనివాడు స్వస్థుడై ఒప్పుకొన్న పని పూర్తిచేసినచో, ఎంత కాలము గడచినను వానికి కూలి చెల్లవలెనని మనుస్మృతి ఎనిమిదవ అధ్యాయము చెప్పుచున్నది. కాని పని పూర్తికానిచో కూలి లేదనియు అదే చెప్పుచున్నది. అనగా స్వస్థుడు కాలేనివాని గతి ఆ న్యాయములో తేలలేదు. శుక్రనీతి ఇంకొక అడుగు ముందుకు వేసి, సేవకుడు రోగియైనపుడు వాని జీతమునంతను నిలిపివేయరాదనియు, చేసిన సేవాకాలమును బట్టి కొంతభాగము ఈయవలెననియు నియమించినది. కౌటిల్యుని అర్థశాస్త్రము బాలురను, వృద్ధులను, ఆపన్నులను, అనాథులను రాజు భరింపవలెనని విధించినది. ఈ మూడింటిని చేర్చి చూచినచో రోగియొక్క జీవనము పని చేయించుకొన్నవాని బాధ్యత, ఆపైన రాజ్యముయొక్క బాధ్యత అను భావము మనకు క్రొత్తది కాదని తెలియును.

స్వతంత్ర భారతము ఈ భావమునకు చట్టరూపమొసగినది. రాజ్యాంగముయొక్క 41వ అధికరణము నిరుద్యోగము, వార్ధక్యము, వ్యాధి, అంగవైకల్యము కలిగినపుడు ప్రభుత్వము తన ఆర్థికశక్తి మేరకు సహాయమేర్పరుపవలెనని ఆదేశించుచున్నది. న్యాయస్థానమునకెక్కి బలవంతముగా అమలు జరిపించుకొనదగినది కాకున్నను అది పాలకులకు మార్గదర్శకము. అంతకుముందే, 1944లో ఆచార్య బి. పి. అదార్కర్ సమర్పించిన నివేదిక ఆధారముగా 1948లో ఉద్యోగుల రాజ్యబీమా చట్టము వచ్చినది. 1952 ఫిబ్రవరి 24వ తేదీన కాన్పూరు, ఢిల్లీ నగరములలో ఆ పథకము ప్రారంభమైనది. 2020లో పార్లమెంటు ఆమోదించిన సామాజిక భద్రతా స్మృతి ఆ చట్టమును తనలో చేర్చుకొన్నది.

ఆ పథకముయొక్క నిర్మాణములో ఒక నీతి దాగియున్నది. 2019 జూలైలో సవరించిన రేట్ల ప్రకారము యజమాని వేతనముపై 3.25 శాతమును, కార్మికుడు 0.75 శాతమును ఒక నిధికి చెల్లింతురు. కార్మికుడు జబ్బుపడినపుడు, నియమములకు లోబడి, సంవత్సరమునకు 91 దినముల వరకు వేతనములో 70 శాతము లభించును. క్షయ, కాన్సరు, మూత్రపిండముల వైఫల్యము వంటి నిర్ణీతములైన 34 దీర్ఘవ్యాధులలో 80 శాతము చొప్పున రెండేండ్ల వరకు లభించును. ఇందు దాత యెవ్వడు? యాచకుడెవ్వడు? ఆరోగ్యముగా నున్నవాడు రోగికిచ్చుచున్నాడు, కాని ఎవ్వడు ఎవ్వనికిచ్చెనో ఎవ్వరికిని తెలియదు. నిన్న ఇచ్చినవాడు నేడు పుచ్చుకొనును. కుడిచేయి ఇచ్చినది ఎడమచేతికి తెలియరాదని పెద్దలు చెప్పిన గుప్తదానము ఇచట లెక్కల పుస్తకములో నెరవేరినది.

కాని ఈ నీడ అందరికిని అందుటలేదు. దేశమున శ్రామికులలో అత్యధికులు నెలజీతమును, యజమాని చిరునామాయు లేనివారు. ఉద్దానపు తోటకూలికి బీమా చందా కట్టు యజమాని యెవ్వడు? ఆరోగ్యశ్రీ 2007లోను, అయిదు లక్షల రూపాయల వరకు చికిత్స చేయించు ఆయుష్మాన్ భారత్ 2018లోను వచ్చి బీదలకు మహోపకారము చేసినవి. అయినను అవి ఆస్పత్రి ఖర్చును భరించునవి, పోయిన కూలిని తెచ్చియిచ్చునవి కావు. ప్రాణము నిలిచినవాడు ఇల్లు చేరి చూచినపుడు బియ్యపుడబ్బా ఖాళీగా నుండును. ఈ లోటును గుర్తించి ఆంధ్రప్రదేశ్‌లో డయాలసిస్ రోగుల పింఛను 2019లో నెలకు 10,000 రూపాయలకు పెంచబడినది. అదే సంవత్సరము శస్త్రచికిత్సానంతరము విశ్రాంతికాలమున దినమునకు 225 రూపాయల చొప్పున, నెలకు 5,000 మించకుండ, భృతి యిచ్చు ఆరోగ్య ఆసరా ప్రారంభింపబడినది. క్షయరోగుల పోషణకు 2018 నుండి దేశమంతట నెలకు 500 రూపాయలును, 2024 నవంబరు నుండి 1,000 రూపాయలును ఈయబడుచున్నవి. మొత్తము చిన్నదైనను ఇందలి భావము పెద్దది. మందు మాత్రమే వైద్యము కాదు, అన్నమును విశ్రాంతియు కూడ వైద్యమే యని ప్రభుత్వము ఒప్పుకొన్నది.

మోసగాండ్రు రోగము నటింతురను భయము కొందరికున్నది. అట్టివారు లేకపోలేదు. వైద్యుని ధ్రువపత్రము, పరీక్ష, నిర్ణీతమైన గడువు అందులకే ఏర్పడినవి. అబద్ధమాడి ఆ నిధిని తాకినవాడు ప్రభుత్వపు సొమ్మును కాదు, మరియొక రోగి ఔషధమును దొంగిలించినవాడు. కాని దొంగ యొకడున్నాడని ఊరి బావికి మూత బిగించుట న్యాయము కాదు. దప్పిగొన్న పదుగురను అనుమానించి నిలువబెట్టుటకంటె, ఒక్కడు ఎక్కువ త్రాగిపోవుట తక్కువ దోషము. పరీక్ష అవసరమే, అవమానము అనవసరము. నడవలేనివానిని కాగితమునకై పదిమార్లు త్రిప్పు గుమాస్తా చట్టమును పాటించుచున్నాననుకొనును. కాని అతడు చేయుచున్నది గీత చెప్పిన తామసదానమే.

చట్టము చేరని చోటికి పొరుగువాడు చేరవలెను. ధనమీయలేనివాడును ఎంతో చేయగలడు. దరఖాస్తు వ్రాసిపెట్టవచ్చును. ఏ పింఛనుకు ఏ పత్రము కావలెనో కనుగొని చెప్పవచ్చును. డయాలసిస్ దినమున ఆ యింటి పిల్లలకు ఒక పూట అన్నము పెట్టవచ్చును. భార్యకు బదులు తాను తోడుపోయి ఆమె కూలిని నిలుపవచ్చును. అన్నింటికంటె ముఖ్యము, రోగి నోరు విడిచి అడుగక ముందే వెళ్లుట. అడిగించుకొని ఇచ్చినదానిలో సగము విలువ అడుగుటలోనే పోవును.

రోగికిని ధర్మమొకటి కలదు. నిజము చెప్పుట, అవసరమైనంతయే పుచ్చుకొనుట, స్వస్థుడైనపుడు మరియొకని మంచముచెంత నిలుచుట వాని ధర్మములు. స్వస్థుడు కాలేనివానికి ఇంకొక ధర్మము మిగులును. ఇతరులకు తనయెడ ధర్మమాచరించు అవకాశమీయుట ఆ ధర్మము. సిగ్గుచే మందు మాని ప్రాణము విడుచువాడు ఇంటి భారము తగ్గించితిననుకొనును. నిజమునకు వాడు ఇంటివారికి మోయరాని బరువును మిగిల్చిపోవును.

మనుష్యుడు పుట్టిననాడు ఇతరుల చేతులలో పుట్టెను. పోవునాడు ఇతరుల భుజములపై పోవును. ఈ రెంటికి నడుమ కొన్ని యేండ్లు తన కాళ్లపై నిలుచుటచేతనే తానెవ్వరికిని ఋణపడలేదని భ్రమించును. వ్యాధి ఆ భ్రమను తొలగించును. అప్పుడు ముందుకు చాచిన చేయి భిక్షాపాత్ర కాదు. మొదటినుండియు ఉన్న సంబంధము కన్నులకు కనబడుటయే అది. ఆ చేతిని పట్టుకొనువాడు దయ చూపుచున్నానని తలపనక్కరలేదు. తన బాకీ తాను తీర్చుకొనుచున్నానని తలచిన చాలును.