సరమ అడిగిన ప్రశ్న

సంక్రాంతి సెలవులకు హైదరాబాదు నుంచి మా చెల్లెలి కుటుంబం కోనసీమలోని మా ఊరు వచ్చింది. వాళ్లతో పాటు బుజ్జి కూడా వచ్చింది. వీధిలో దొరికిన నాటు కుక్కపిల్లను తెచ్చి మూడేళ్లుగా సాకుతున్నారు. తొలిముద్ద దానికి పెట్టనిదే మా మేనకోడలు అన్నం ముట్టదు.

భోగినాడు తెల్లవారకముందే ఊరంతా లేచింది. మంట దగ్గర కాళ్లకు అడ్డం పడుతోందని బుజ్జిని అరుగు స్తంభానికి నేనే కట్టాను. పిల్లలు భోగి పిడకల దండలు వేస్తున్నారు. ఇంతలో వీధి మొగలో టపాసుల సరం పేలింది. మనకంటే ఎన్నో రెట్లు చురుకైన చెవి కుక్కది. మనకు సంబరంగా వినిపించిన చప్పుడు దానికి ప్రాణం మీదికి వచ్చినట్టు వినిపిస్తుంది. మేం వచ్చి చూసేసరికి స్తంభానికి తాడు వేలాడుతోంది. తాడు చివర తెగిన మెడబెల్టు ఉంది. బుజ్జి లేదు.

ఆ రోజంతా వెదికాం. కాలువ గట్టు, రేవు, కొబ్బరితోటలు, బస్సులు ఆగే చోటు, ఎక్కడా వదల్లేదు. చీకటి పడ్డాక టార్చిలైట్లు పట్టుకుని గొంతులు పోయేలా పిలిచాం. మర్నాడు పెద్ద పండగ. ఇంట్లో అరిసెలు, పొంగలి అన్నీ ఉన్నాయి, తినేవాళ్లే లేరు. బంధువులు ఓదార్చారు. ‘పండగపూట ఈ దిగులేంటి, ఇంకో కుక్కను తెచ్చుకోవచ్చులే’ అన్నారు. వాళ్లు మంచిమనసుతోనే అన్నారు. మా మేనకోడలు మాత్రం నా దగ్గరకు వచ్చి ఒక్కటే అడిగింది. ‘మావయ్యా, అది ఏ తప్పు చేసిందని కట్టేశావు?’

ఆ మాట వినగానే నాకు భారతం గుర్తుకొచ్చింది. నన్నయ తెలుగుచేసిన ఆదిపర్వం మొదట్లోనే ఈ ప్రశ్న ఉంది. జనమేజయుడు యాగం చేస్తున్న చోటికి ఓ కుక్కపిల్ల వచ్చింది. దాని తల్లి సరమ, దేవతల కుక్క. ఆ పిల్ల హవిస్సు వైపు చూడలేదు, దాన్ని నాకలేదు. అయినా రాజు తమ్ముళ్లు దాన్ని కొట్టి తరిమారు. అది ఏడుస్తూ తల్లి దగ్గరకు వెళ్లింది. సరమ నేరుగా యజ్ఞశాలకే వచ్చి నా బిడ్డ చేసిన తప్పేంటని నిలదీసింది. జవాబు లేదు. తప్పు చేయనిదాన్ని కొట్టారు కాబట్టి ఊహించని భయం మిమ్మల్ని వెంటాడుతుందని చెప్పి వెళ్లిపోయింది. అంతటి చక్రవర్తీ కలవరపడి, ఆ పాపానికి శాంతి చేయగల పురోహితుడి కోసం వెదుక్కుంటూ తిరగాల్సి వచ్చింది.

సరమ కథ అంతకుముందు వేదంలోనూ ఉంది. పణులు ఆవులను అపహరించి కొండగుహలో దాచినప్పుడు, వాటి జాడ తీయడానికి ఇంద్రుడు పంపింది ఆమెనే. రుగ్వేదం పదో మండలంలోని 108వ సూక్తం సరమకూ పణులకూ నడిచిన సంవాదం. ఆమె రసానది దాటి వెళ్లింది. మా చెల్లెలిగా ఉండిపో, ఆవుల్లో వాటా ఇస్తామని పణులు ఆశపెట్టినా లొంగలేదు. పోయినవాటిని వెదికిపెట్టే పనిలో కుక్క మనకు గురువు. అలాంటి జీవి మన మూలంగా దారితప్పితే వెదకకుండా ఎలా ఉంటాం? ‘దొరకలేదు’ అనడానికి నేను తిరిగినది ఎంతని? రెండు రోజులు. నా వెదుకులాటలో ఆరాటం ఉంది కానీ, తప్పు ఒప్పుకోవడం లేదు. టపాసులను తిట్టాను, పాత బెల్టును తిట్టాను. కట్టిన చేతి మాట ఎత్తలేదు. ఆ సాయంత్రం మేనకోడలి ముందు కూర్చుని, ‘తప్పు నాదేనమ్మా’ అన్నాను. అప్పుడుగానీ నాకు నిదానం చిక్కలేదు.

ఆ రాత్రి పొలాల వైపున్న పశువుల మకాం దగ్గర ఓ పెద్దాయన మా కేకలు విని బయటకు వచ్చాడు. ‘అలా అరవకండి బాబూ. బెదిరిపోయినదానికి మన పిలుపూ తరుముతున్నట్టే ఉంటాది. ఎక్కడికీ పోదండి, దగ్గర్లోనే నక్కి ఉంటాది. పాపగారు కప్పుకునే దుప్పటి ఇక్కడ పరిచి, పక్కన ఊరికే కూకోండి. వాసన పట్టుకుని అదే వస్తాది’ అన్నాడు. చెప్పినట్టే దుప్పటి తెచ్చి పరిచి గట్టు మీద కూర్చున్నాను.

మంచు కురుస్తోంది. ఆ నిశ్శబ్దంలో భారతం చివరి ఘట్టం మనసులో మెదిలింది. మహాప్రస్థానంలో హస్తినాపురం నుంచి పాండవుల వెంట ఒక కుక్క నడిచింది. దారిలో ద్రౌపది, సహదేవుడు, నకులుడు, అర్జునుడు, భీముడు వరసగా పడిపోయారు. ధర్మరాజు వెనుదిరగలేదు. ఇంద్రుడు రథం తెచ్చి, కుక్కను వదిలి ఎక్కమన్నాడు. ధర్మరాజు ఒప్పుకోలేదు. తమ్ముళ్లనే వదిలి వచ్చినవాడివి, కుక్కను వదల్లేవా అని ఇంద్రుడు అడిగాడు. పోయినవాళ్లను బతికించడం నా చేతిలో లేదు, బతికుండగా వాళ్లను నేను విడవలేదు, నన్ను నమ్మి బతికున్నదాన్ని ఎలా విడుస్తానన్నాడు ధర్మరాజు. ఆ కుక్కే ధర్మదేవత. మొదట్లో సరమ అడిగినదానికి ఇక్కడ జవాబు దొరికినట్టు నాకు అనిపించింది. చేతిలో లేనిదానికి మనం బాధ్యులం కాము. మనల్ని నమ్మి ఇంకా ఊపిరితో ఉన్న ప్రాణికి మాత్రం కడదాకా బాధ్యులమే. బుజ్జి పోయిందని ఎవరూ చెప్పలేరు. కాబట్టి వదిలేసే హక్కు నాకు లేదు.

తెల్లవారితే కనుమ. మొసలపల్లి దగ్గర జగ్గన్నతోటకు 11 గ్రామాల రుద్రులు ప్రభలెక్కి వచ్చి కొలువుదీరే రోజు. ఇంకా వెలుగు రాకముందే శివాలయం మైకులో రుద్రాభిషేకం మొదలైంది. నమకం చిన్నప్పటి నుంచి నాకు నోటికి వచ్చు. ఆ వేళ నాలుగో అనువాకం చివరికి వచ్చేసరికి ఒళ్లు జలదరించింది. రథాలు చేసే వడ్రంగులకు, కుండలు చేసే కుమ్మరులకు, కమ్మరులకు, వేటగాళ్లకు వరసగా మొక్కుతూ వచ్చిన రుషి, చివర కుక్కలకూ కుక్కలను సాకేవాళ్లకూ నమస్కారం పెట్టాడు. ఆ రూపాలన్నీ రుద్రుడివే అన్నాడు. ఇన్నేళ్లూ స్వరం తప్పకుండా చదివాను. ఎవరికి మొక్కుతున్నానో మాత్రం చూడలేదు. నోటితో మొక్కినవాణ్ణే చేత్తో స్తంభానికి కట్టేశాను.

గడ్డిమేటు వెనక అలికిడి అయింది. నేను కదల్లేదు, పిలవలేదు. బురద కొట్టుకుపోయిన ఒళ్లు, కుంటుతున్న కాలు. రెండడుగులు వేసి ఆగి, మళ్లీ రెండడుగులు వేసింది. దుప్పటి వాసన చూసి దాని మీద పడుకుని, నా వైపు చూసింది. ఆ చూపులో నేను వెదుక్కున్న కోపం ఎక్కడా కనబడలేదు. మా ఇంటికి ఆ గడ్డిమేటు నూరు గజాలైనా లేదు. రెండు రోజులూ మా కేకలన్నీ అక్కడికి వినబడుతూనే ఉన్నాయి.

కనుమనాడు కాకి కూడా కదలదంటారు. మా చెల్లెలు వాళ్లూ ప్రయాణం మానుకున్నారు. పెరట్లో మా అమ్మ ఆవుల కొమ్ములకు పసుపు రాసి, నుదుట బొట్టు పెడుతోంది. బుజ్జిని ఎత్తుకుని మేనకోడలు వెళ్లి పక్కన నిలబడింది. అమ్మ అదే చేత్తో దాని నుదుటా బొట్టు పెట్టింది. నేను చేతులు జోడించాను.