ఊరి సూర్యుడు, సర్వర్ గడియారం

నిజామాబాద్‌లో సూర్యుడు నడినెత్తికి చేరే వేళకు గడియారం సగటున 12 గంటల 17 నిమిషాలు దాటి ఉంటుంది. భారత ప్రామాణిక కాలాన్ని 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద లెక్కగట్టారు. నిజామాబాద్ ఉన్నది దాదాపు 78.1 డిగ్రీల దగ్గర. భూమి ఒక్క డిగ్రీ తిరగడానికి 4 నిమిషాలు పడుతుంది కాబట్టి ఈ తేడా తప్పదు. బోధన్ ఇంకాస్త పడమరగా ఉంది కనుక అక్కడ 18 నిమిషాలు మించుతుంది. జుహర్ నమాజు వేళ సూర్యుడు నడినెత్తి దాటాకే మొదలవుతుంది. పంచాంగంలో వారం సూర్యోదయంతో మారుతుంది, పగటి నిడివిని ఎనిమిది భాగాలు చేసి రాహుకాలం చెబుతారు. ఇవన్నీ ఊరి సూర్యుడిని బట్టి నడిచే లెక్కలు. ఫోన్ మాత్రం ఎక్కడో ఉన్న సర్వర్‌ను అడిగి సమయం తెచ్చుకుంటుంది. రెండింటిలో అసలైన కాలం ఏది? రెండూ కొలతలేనని, ఏ కొలతా కాలం కాదని నా వాదన. అయినా కొలతకు కట్టుబడడం మన ధర్మమని కూడా అంటాను.

సర్వర్ నుంచి సమయం ఎలా వస్తుందో దగ్గరగా చూస్తే విషయం తేటపడుతుంది. డేవిడ్ మిల్స్ రూపొందించిన, 1985 నుంచి వాడుకలో ఉన్న నెట్‌వర్క్ టైమ్ ప్రోటోకాల్‌లో ప్రతి ప్రశ్నకూ నాలుగు ముద్రలు పడతాయి: ప్రశ్న బయలుదేరిన క్షణం, సర్వర్‌కు చేరిన క్షణం, జవాబు బయలుదేరిన క్షణం, తిరిగి మన దగ్గరికి చేరిన క్షణం. మొదటిదీ చివరిదీ మన గడియారం వేసినవి, మధ్య రెండూ సర్వర్ వేసినవి. రానుపోను ప్రయాణానికి 80 మిల్లీసెకన్లు పట్టిందంటే, పోవడానికి 40, రావడానికి 40 అనుకుని ప్రోగ్రామ్ మన గడియారాన్ని సరిచేస్తుంది. నిజానికి పోవడానికి 60, రావడానికి 20 పట్టి ఉంటే గడియారం 20 మిల్లీసెకన్లు తప్పుతుంది. ఆ తప్పు ఆ నాలుగు ముద్రల్లో ఎక్కడా కనబడదు. ఒక్క వైపు ప్రయాణాన్ని విడిగా కొలవాలంటే రెండు చివర్లా ముందే సరిపోలిన గడియారాలు ఉండాలి. మనకు లేనిదీ, కావలసినదీ అదే.

ఇది కంప్యూటర్ల లోపం అనుకుంటే పొరపాటు. దూరంగా ఉన్న రెండు చోట్ల ఒకే క్షణం అంటే ఏమిటని 1898లోనే ఆన్రీ పాంకరే ప్రశ్నించాడు. 1905లో ఐన్‌స్టీన్ కాంతి పోవడానికీ రావడానికీ సమానంగా సమయం పడుతుందన్న దాన్ని ఒక నిర్వచనంగా స్వీకరించి తన సిద్ధాంతాన్ని నిలబెట్టాడు. సర్వర్ సైతం తన సమయాన్ని మరో చోటి నుంచే తెచ్చుకుంటుంది. ప్రపంచ ప్రామాణిక కాలమైన యూటీసీకి పునాది వేర్వేరు దేశాల్లోని వందలాది అణు గడియారాల సగటు. ప్యారిస్ దగ్గరి అంతర్జాతీయ తూనికలు, కొలతల సంస్థ ఆ సగటు కట్టి, ఏ దేశపు గడియారం ఎంత తేడాగా నడిచిందో నెల గడిచాక ప్రకటిస్తుంది. అంటే కొలత ఎంత సూక్ష్మమైనా చివరికి పదిమంది కలిసి ఒప్పుకున్న మాట మీదే నిలుస్తుంది.

మన తార్కికులకు ఈ సంగతి కొత్త కాదు. ముందు, వెనుక, ఒకేసారి, ఆలస్యంగా, త్వరగా అనే మన అనుభవాల నుంచి కాలం ఉందని వైశేషికులు ఊహించారు. తెలుగువాడని పండితులు చెప్పే అన్నంభట్టు తర్కసంగ్రహంలో కాలం ఒక్కటే, అంతటా ఉన్నది, నిత్యమైనది అని చెప్పాడు. పగలూ రాత్రీ, నెలా ఏడూ అనే భేదాలు సూర్యుడి కదలిక వంటి ఉపాధుల వల్ల, అంటే బయటి నిమిత్తాల వల్ల, కలిగేవని ఆ సంప్రదాయం మాట. ఆ దృష్టితో చూస్తే నిజామాబాద్ సూర్యుడు ఒక ఉపాధి, పరమాణువు కంపనం ఇంకో ఉపాధి. అణు గడియారం చాలా నిలకడైనదే, అయినా నిలకడ కొలతకు ఉండే గుణం. కొలతను కాలంగా మార్చే శక్తి దానికి లేదు.

దీనికి బలమైన ఆక్షేపణ ఒకటుంది. కాలం లెక్క ఒప్పందమే అయితే ఎవరి గడియారం వాళ్లు తిప్పుకోవచ్చు కదా? బోధన్ చెరుకునే సాక్షిగా పిలుద్దాం. 1937లో శక్కర్‌నగర్‌లో మొదలై 2015లో మూతబడిన నిజాం షుగర్స్ ఫ్యాక్టరీకి చేరిన చెరుకైనా, ఇప్పుడు మరో ఫ్యాక్టరీకి పోయే చెరుకైనా, నరికాక ఆలస్యమయ్యేకొద్దీ చక్కెర కోల్పోతుంది. ఆ నష్టం ఏ గడియారాన్నీ అడిగి జరగదు. కాబట్టి గడవడం నిజం; దానికి అంకె వేయడమే ఒప్పందం. కాంటా దగ్గర ఎవరి బండి ముందు వచ్చిందో తేల్చాలంటే మాత్రం అందరూ ఒప్పుకున్న ఒక అంకె కావాలి. గడువున్న పనుల్లో మంచి ప్రోగ్రామ్ ఫోన్ గడియారాన్ని నమ్మకుండా సర్వర్‌ను అడిగేది అందుకే: తన గడియారం తిప్పుకున్నవాడు పక్కవాడి వంతు లాక్కుంటాడు. ఒప్పందం గనుకనే దాన్ని తప్పడం అన్యాయం.

మరి కొన్ని మిల్లీసెకన్ల కోసం ఇంత చర్చ ఎందుకని అడగవచ్చు. తప్పు ఎంత పెద్దదన్నది ఇక్కడ సమస్య కాదు, అధికారం ఎక్కడిదన్నది సమస్య. తెలంగాణ ఇంటర్ పరీక్షల్లో ఏళ్ల తరబడి నిమిషం ఆలస్యమైతే లోపలికి రానివ్వని నిబంధన నడిచింది. అలాంటి గడువును కాలమే విధించినట్టు మాట్లాడతాం గాని, విధించేది మనుషులే, ఒక గేటు దగ్గర, ఒక గడియారం చూసి. అందుకే గడువు పెట్టేవాళ్లకు రెండు బాధ్యతలున్నాయి: ఏ గడియారం ప్రకారమో ముందే చెప్పాలి, ఆ గడియారం తప్పగల మేరకైనా మన్నింపు ఉంచాలి. పంచాంగం యాప్ రాసేవాళ్లదీ ఇదే బాధ్యత. సర్వర్ ఇచ్చిన యూటీసీకి అయిదున్నర గంటలు కలిపితే దేశపు సమయం తెలుస్తుంది గాని ఊరి సూర్యోదయం తెలియదు. విశాఖకూ నిజామాబాద్‌కూ మధ్య నడిమధ్యాహ్నం 20 నిమిషాలకు పైగా తేడా పడుతుంది. రాహుకాలాన్ని నమ్మే మనిషికి వేరే ఊరి రాహుకాలం చూపడం ఆ నమ్మకాన్ని చిన్నచూపు చూడడమే. రైలుకూ పరీక్షకూ సర్వర్ గడియారం, నమాజుకూ ముహూర్తానికీ ఊరి సూర్యుడు: దేని పని దానికి అప్పగిస్తే ఒకదాన్ని నిలబెట్టడానికి ఇంకొకదాన్ని అబద్ధం చేయాల్సిన అవసరం రాదు.